వచ్చే గురువు – నిలవాల్సిన శిష్యుడు

విద్యార్థి సంఘ కార్యదర్శి వచ్చి, "మాస్టారూ, సావనీరుకు మీరు కూడా ఏదో ఒకటి వ్రాసి ఇవ్వాలి, పది రోజులే గడువు" అన్నాడు. ఇక్కడే చదువుకొని, ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి. కాదనలేకపోయాను. ఏమి వ్రాయాలా అని ఆలోచిస్తూండగా విషయం దానంతటదే ఎదురు వచ్చింది.

ఒక సాయంత్రం కాంటీను దగ్గర నలుగురైదుగురు విద్యార్థులు గట్టిగా వాదించుకుంటున్నారు. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన సంగతి గురించి చర్చ. "ప్రతిభ ఎక్కడుంటే అక్కడి నుంచి తెచ్చుకోవాలిగాని, ఇలా తలుపులు మూసుకుంటారా? ఇదేమి న్యాయమండీ?" అన్నాడొక కుర్రవాడు. అందరూ ఔనన్నారు. నేనూ మనసులో ఔననుకున్నాను. టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి మాట తపసిపూడిలో కడుతున్న కొత్త రేవు మీదికి మళ్లింది. అదే కుర్రవాడు బల్ల గుద్ది, "రేవులో ప్రతి ఉద్యోగమూ బందరువాళ్లకే ఇవ్వాలి. బయటివాణ్ణి ఒక్కణ్ణి కూడా అడుగు పెట్టనివ్వకూడదు" అన్నాడు. మళ్లీ అందరూ ఔనన్నారు. ఈసారి నేను ఔననలేకపోయాను. అలాగని కాదనలేకపోయాను కూడా.

తనకొక నీతి, ఎదుటివాడికొక నీతి అని ఆ కుర్రవాణ్ణి వెక్కిరించడం తేలిక. కాని అతని రెండు బాధలూ నిజమైనవే. అమెరికా ఏటా ఇచ్చే ఎనభై అయిదు వేల కొత్త హెచ్-1బి వీసాల మీద ఆశ పెట్టుకున్న ఇళ్లు మన జిల్లాలో ఎన్ని లేవు? ఆ వీసా మీద పనిచేసేవారిలో నూటికి డెబ్భై మందికి పైగా భారతీయులే. అందులో మన తెలుగు పిల్లల వాటా తక్కువేమీ కాదు. ఇక రేవు సంగతి. 2023 మే నెలలో అక్కడ పనులు మొదలైనప్పుడు, తరతరాలుగా "రేవు వస్తుంది, వస్తుంది" అని విని విని విసిగిపోయిన బందరు ఊరు ఎంత సంబరపడిందో నేను కళ్లారా చూశాను. నేల మనది, సముద్రం మనది, ఉద్యోగం మాత్రం మరొకడిదంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

అయితే "బయటివాణ్ణి పిలవాలా, వద్దా" అన్న ప్రశ్నే సరైన ప్రశ్న కాదని నా అభిప్రాయం. పిలిచిన తరువాత అతని పక్కన ఎవరిని నిలబెట్టాము అన్నది అసలు ప్రశ్న. ఈ మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మన బందరు, మన గుడివాడ, మన దివిసీమ నేర్పిన పాఠమే చెబుతున్నాను.

బందరుకు పరదేశి కొత్త కాదు. 1605లో డచ్చివారు వచ్చి ఇక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. 1669లో ఫ్రెంచివారు దిగారు. వాళ్లకంటె ముందే గోలకొండ ప్రభువుల కాలంలో పారశీక వర్తకులు ఇక్కడ కాపురాలున్నారు. ఇంతమంది ఎందుకు వచ్చారయ్యా అంటే, మన అద్దకం బట్ట కోసం. పారశీకులు తమకు నచ్చిన తీగలు, పువ్వులు చూపించారు. ఐరోపావారు తమ దేశపు నమూనాలు తెచ్చి ఇచ్చారు. మనవాళ్లు అవన్నీ పట్టుకొని, తమ చేతివాటం కలిపి కొత్త బట్ట పుట్టించారు. కలంకారీ అని ఈనాడు మనం గర్వంగా చెప్పుకునేదానికి పేరే పారశీక భాష నుంచి వచ్చింది. అంటే బయటివాడు వచ్చినందువల్ల మన పని చెడలేదు, పెరిగింది.

కథ అంతటితో అయిపోలేదు. మన బట్టలు ఇంగ్లండులో ఎంతగా అమ్ముడుపోయాయంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో ఒకసారి, 1721లో మరొకసారి ఆ దేశం అద్దకం బట్టల మీద నిషేధపు చట్టాలు చేసింది. ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. వాళ్లు గోడ కట్టి, గోడ చాటున నిద్రపోలేదు. ఆ వ్యవధిలో బట్ట మీద రంగు నిలిచే కిటుకును కూపీ లాగారు, అచ్చువేసే పని నేర్చుకున్నారు, తరువాత యంత్రాలు పెట్టారు. కొన్నాళ్లకు వాళ్ల మిల్లు బట్ట మన సంతల్లోకి వచ్చింది. కొనడానికి వచ్చినవాడు నేర్చుకున్నాడు. నేర్పగల మనం మాత్రం అమ్మడంతో తృప్తిపడ్డాము. తరువాత పరాయి పాలన మన చేతులు కట్టేసిందన్నది నిజమే. కాని నేర్చుకునేవాడి చూపు ఎలా ఉంటుందో ఆ కథలో కనబడుతుంది.

ఈ అద్దకం గురించి నేను ఇంత గట్టిగా మాట్లాడడానికి కారణముంది. మాది పెడన. మా నాన్నగారు జీవితమంతా అచ్చు పట్టిన మనిషి. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టడం, తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు తీయడం, పటిక కలిపి ఎరుపుకు దారి చేయడం, కాలవ నీటిలో ఉతకడం ఇవన్నీ మా ఇంట్లో అన్నం వండినంత సహజంగా జరిగేవి. ఏ రోజు నీరు ఎలా ఉంది, ఎండ ఎంత కాసింది అన్నదాన్నిబట్టి రంగు ఎలా వస్తుందో ఆయన ముందే చెప్పేవారు. ఏ పుస్తకంలోనూ లేని విద్య అది. మరి నేనేం చేశాను? "నువ్వు చదువుకోరా, ఈ రంగుల చేతులు నీకెందుకు" అని ఆయన అంటే, అదే చాలనుకొని పెన్ను పట్టుకొని వచ్చేశాను. ఒక్క సెలవుల్లోనైనా ఆయన పక్కన నిలబడి నేర్చుకోలేదు. ఆయన పోయాక, ఆయనకు తెలిసినది ఆయనతోనే పోయింది. స్థానిక నైపుణ్యాన్ని పరాయివాడే చంపనక్కరలేదు. పక్కన నిలబడని కొడుకు చాలు.

ఇక బయటివాణ్ణి పిలిచి బాగుపడ్డ ఉదాహరణ కావాలంటే మన ఊళ్లోనే ఉంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. స్వదేశీ ఉద్యమపు వేడిలో పుట్టిన సంస్థ అది. అటువంటి చోట, చిత్రకళ నేర్పడానికి ఎవరిని పిలిచారు? బెంగాలు నుంచి ప్రమోద కుమార ఛటర్జీని. "మా ఆంధ్రులలో ఎవరూ లేరా" అని బిడియపడలేదు. ఆయన పక్కన అడివి బాపిరాజు వంటి యువకులు నిలబడ్డారు, కుంచె పట్టారు. తరువాత కాలంలో అదే కళాశాలకు బాపిరాజుగారు ప్రిన్సిపాలు అయ్యారు. పిలవడమంటే అదీ! గురువు వచ్చి జీతం తీసుకొని వెళ్లిపోలేదు, శిష్యుణ్ణి తయారుచేశాడు.

మన పొలాలకు నీరిచ్చే ఆనకట్ట కథ కూడా ఇటువంటిదే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తి చేయించినవాడు కెప్టెన్ ఓర్. ఆ రోజుల్లో ఈ పనులన్నింటికీ స్ఫూర్తి ఆర్థర్ కాటన్. ఆ కాటన్ దొరే, అంతులేని ఇసుకలో పునాది నిలిపే పద్ధతి మనదేశపు పాత కట్టడాలను చూసి నేర్చుకున్నామని బాహాటంగా ఒప్పుకున్నాడు. కావేరి మీద కల్లణై కట్టిన పేరు తెలియని పనివాళ్లు ఆయనకు గురువులన్నమాట. ఆ ఆనకట్టకు 1952లో గండి పడితే, 1957 నాటికి ప్రకాశం బ్యారేజీని స్వతంత్ర భారతదేశపు ఇంజనీర్లు కట్టుకున్నారు. విద్య ఒక చేతి నుంచి మరొక చేతికి అలా మారుతూ వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకుంటే తప్పేమిటి?

కొత్త తరం వాళ్లకు ఇంకొక ఉదాహరణ చెబుతాను. 1926లో బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలిసింది. దేశంలో ఎన్నో పాఠశాలల, కళాశాలల ప్రయోగశాలలకు పరికరాలు ఇక్కడి నుంచి వెళ్లేవి. ఆ కంపెనీ చితికిపోయే దశలో ఉండగా 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దానిని తీసుకుంది. సైనికులు చీకట్లో చూడడానికి వాడే పరికరాలు ఈనాడు ఇక్కడ తయారవుతాయి. ఆ పరికరానికి గుండెకాయ వంటి గొట్టాన్ని మనదేశంలో చేయడం కోసం 1990లో ఆ సంస్థ ఒక డచ్ కంపెనీతో కలిసి పూణెలో ఫ్యాక్టరీ పెట్టింది. కొన్నేళ్లకు ఆ ఫ్యాక్టరీ పూర్తిగా మన సంస్థ సొంతమైంది. 2025 అక్టోబరులో గుడివాడకు, బందరుకు నడుమనున్న నిమ్మలూరులో కొత్త ఫ్యాక్టరీ కూడా ప్రారంభమైంది. 1605లో డచ్చివాడు మన విద్య కోసం బందరు వచ్చాడు. 1990లో మనం అతని విద్య కోసం చెయ్యి చాచాము. ఇందులో చిన్నతనమేమీ లేదు. అయితే 1926 నుంచి ఇక్కడ అద్దాలు సానపట్టిన, ఇత్తడి మలచిన చేతులు లేకపోతే, ఆ ఫ్యాక్టరీ బందరుకు వచ్చి ఉండేదా అని ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు చేదు అనుభవం ఒకటి చెప్పాలి. చదువు పూర్తయ్యాక మూడేళ్లు గుడివాడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు వ్రాశాను. యజమాని చాలా ఖర్చుపెట్టి విదేశం నుంచి కలర్ సార్టర్ తెప్పించాడు. నల్లగింజను కంటితో చూసినట్టు చూసి, గాలితో ఊది అవతల పారేసే మిషను. దానిని బిగించడానికి ఆ దేశపు ఇంజనీరు మూడు వారాలు వచ్చి ఉన్నాడు. మా మిల్లులో ఒక పాత ఫిట్టరు ఉండేవాడు. బెల్టు శబ్దం విని ఏ బేరింగు పోతోందో చెప్పగలవాడు. "నువ్వు దగ్గరికి రాకు, ఏదైనా చెడగొడతావు" అని యజమాని ఆయన్ని ఆ గదిలోకే రానివ్వలేదు. ఇంజనీరు గారు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. సంక్రాంతి ముందు, ధాన్యం లారీలు వరుస కట్టిన రోజుల్లో, మిషను ఆగిపోయింది. ఫోన్ల మీద ఫోన్లు. పదకొండు రోజులకు మరొక ఇంజనీరు వచ్చి చూస్తే, గాలి గొట్టంలో తేమ చేరడం తప్ప మరేమీ లేదు. అరగంట పని. "కంప్రెషరు శబ్దం మారిందని నేను మొదటి రోజే అనుకున్నానండీ, నన్నెవరూ అడగలేదు" అన్నాడు మా ఫిట్టరు. ఆ బిల్లును "మిషను మరమ్మతు" అనే పద్దు క్రింద వ్రాశాను. నిజానికి అది నేర్చుకోనందుకు కట్టిన జరిమానా. లెక్కల పుస్తకంలో ఆ పద్దు లేదు గనుక అలా వ్రాశాను.

దివిసీమకు వెళ్లి చూడండి. అక్కడ వచ్చిన పరదేశి మనిషి కాదు, రొయ్య! టైగర్ రొయ్య మన తీరంలో పుట్టినది. దానికి తెల్లమచ్చ తెగులు తగిలి రైతులు కుదేలయ్యాక, 2009లో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యను పెంచడానికి అనుమతి వచ్చింది. వచ్చీ రావడంతోనే చెరువులన్నీ ఆక్రమించింది. డబ్బూ తెచ్చింది, కాదనను. నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతాల్లో అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని చెక్ ట్రే పైకి తీసి, మేత ఎంత మిగిలిందో చూసి రొయ్య ఆరోగ్యం చెప్పగల కుర్రవాళ్లు తయారయ్యారు. అంతవరకు మనం నేర్చుకున్నాము. కాని పిల్లను పుట్టించే మేలుజాతి తల్లిరొయ్య కోసం పరదేశపు విమానం వైపు చూడడం ఇన్నేళ్లయినా తప్పలేదు. చెరువు మనది, చాకిరీ మనది, విత్తనపు తాళంచెవి మాత్రం మరొకరి బొడ్లో ఉంది. సగం నేర్చుకుంటే సగం బానిసత్వం మిగులుతుందనడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

జపానువాళ్లు ఈ సంగతి ఏనాడో గ్రహించారు. 1868 తరువాత కొత్త ప్రభుత్వం ఏర్పడగానే వేలమంది విదేశీ నిపుణులను పెద్ద పెద్ద జీతాలిచ్చి పిలిచారు. హెన్రీ డయ్యర్ అనే స్కాట్లండు యువకుడు 1873లో వెళ్లి వాళ్ల ఇంజనీరింగు కళాశాలను నడిపి, 1882లో ఇంటికి తిరిగి వచ్చాడు. ఆయన శిష్యులు ఆ దేశాన్ని కట్టుకున్నారు. విదేశీయుణ్ణి పిలిచిన రోజునే, అతని స్థానంలో రేపు నిలబడవలసిన స్వదేశీయుణ్ణి కూడా వెతికిపెట్టుకున్నారు. ఈ కిటుకును మన ప్రాంతంలో పసిగట్టినవాడు పింగళి వెంకయ్యగారేమో. మొవ్వ దగ్గర భట్లపెనుమర్రులో పుట్టి, మన జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పిన ఆ మహానుభావుణ్ణి జెండా కోసమే గుర్తుపెట్టుకున్నాము. జపాను భాష పట్టుదలతో నేర్చుకొని "జపాన్ వెంకయ్య" అనిపించుకున్నాడని ఎందరికి తెలుసు?

ఇక చట్టం సంగతి. 2019లో మన రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. ఆ అంకెను అందరూ బల్లలు గుద్ది చెబుతారు. కాని అర్హులైన స్థానికులు దొరకకపోతే, మూడేళ్లలో ప్రభుత్వంతో కలిసి శిక్షణ ఇచ్చి మరీ తీసుకోవాలని అందులోనే ఉన్న మాటను ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో చట్టానికి ప్రాణం ఆ మాటలోనే ఉంది. ఇటువంటిదే హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. కోర్టు మెట్ల దగ్గర వాటాలు నిలవకపోవచ్చు. చేతికి వచ్చిన పనిని మాత్రం ఏ కోర్టూ కొట్టివేయలేదు.

మా సహోపాధ్యాయుడొకాయన ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి, "ఇదంతా బాగానే ఉందిగాని మాస్టారూ, డబ్బు పెట్టే కంపెనీ తన రహస్యాన్ని మన పిల్లలకు ఎందుకు చెబుతుందండీ?" అన్నారు. నిజమే, ఊరకే చెప్పదు. అందుకే బేరం ముందు జరగాలి. భూమి ఇవ్వకముందు, నీరు, కరెంటు రాయితీలు ఇవ్వకముందు అడగాలి. శంకుస్థాపన అయిపోయాక అడిగితే నవ్విపోతారు.

ఏమని అడగాలి? నాకు తోచినవి మూడు మాటలు. మొదటిది, రేవులోగాని, ఫ్యాక్టరీలోగాని బయటి నుంచి ఒక నిపుణుణ్ణి నియమించినప్పుడు, అతని పక్కన నేర్చుకునే ఇద్దరు స్థానికులను ఒప్పందంలోనే చేర్చాలి. గడువు అయ్యేసరికి వాళ్లకు పని వచ్చిందో లేదో పరీక్షించాలి. రెండవది, మన విశ్వవిద్యాలయమూ పాలిటెక్నిక్కులూ కలిసి, క్రేను నడపడం, ఓడ యంత్రాల మరమ్మతు, వెల్డింగు, శీతల గిడ్డంగుల నిర్వహణ వంటి పనులకు చిన్న కోర్సులు పెట్టాలి. రేవు తెరిచాక పెడితే, పెళ్లి అయ్యాక మేళం పిలిచినట్టవుతుంది. మూడవది, గురువంటే విమానంలో దిగినవాడే కాదని గుర్తించాలి. పెడన అచ్చు చెక్కే శిల్పిని, చిలకలపూడి రోల్డుగోల్డు పనివాణ్ణి, దివిసీమ రొయ్యల రైతును మన తరగతి గదికి పిలిచి, పారితోషికమిచ్చి పాఠం చెప్పించాలి. ఆయనకు పి.జి. ఉందా అని అడగడం మానుకోవాలి.

ఈ మూడింటిలో మొదటి అడుగు మన విద్యార్థి సంఘమే వేయవచ్చు. ఏటా వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో కొంత తీసి, రేవులోనూ ఫ్యాక్టరీలలోనూ ఏ ఏ పనులకు మనుషులు కావాలో అడిగి తెలుసుకొని ఒక జాబితా తయారుచేసి, వచ్చే సంవత్సరం ఇదే సావనీరులో అచ్చువేయండి. నినాదాల కంటె ఆ జాబితా ఎక్కువ పనిచేస్తుంది. బయటివాణ్ణి రానివ్వమని అరిచేముందు, రేపు ఆ పనిలో నిలబడగలవాళ్లం మనలో ఎందరమున్నామో కూడా అందులో తేలిపోతుంది.

కాంటీను దగ్గరి కుర్రవాడు మొన్న మళ్లీ కలిశాడు. నా మాటలన్నీ విని, "అయితే నన్ను అమెరికా వెళ్లమంటారా, వద్దంటారా, అది చెప్పండి మాస్టారూ" అన్నాడు. "అవకాశం వస్తే వెళ్లు నాయనా. వెళ్లినచోట నీకంటె బాగా పని తెలిసినవాడి పక్కన సిగ్గుపడకుండా నిలబడు. తిరిగి వచ్చినా, రాకపోయినా, మన ఊరి కుర్రవాణ్ణి ఒక్కణ్ణయినా నీ పక్కన నిలబెట్టుకో" అన్నాను. "వెళ్లడం కుదరకపోతే?" అన్నాడు. "ఈ సెలవుల్లో పెడన రా. మా నాన్నగారితో కలిసి అచ్చు పట్టిన పెద్దాయన ఒకరు ఇంకా ఉన్నారు. ఇద్దరం కలిసి నేర్చుకుందాం" అన్నాను.

వస్తానన్నాడు. చూడాలి.